ఎండాకాలం షూట్‌కు మేకప్ మాట్లాడుకునే ముందు

వైశాఖం వచ్చిందంటే తిరుపతిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ముహూర్తాలూ అప్పుడే కిక్కిరుస్తాయి. పెళ్ళికి ముందు ఫొటోషూట్ పెట్టుకున్నవాళ్ళు కెమెరామన్‌ను నెలల ముందే ఖాయం చేసుకొని, మేకప్‌ను మాత్రం చివరి వారం దాకా వదిలేస్తారు. ఎవరో ఒకరు దొరుకుతారు, నిజమే. ముందే ఒకసారి వేసి చూసుకునే ట్రయల్‌కూ, చర్మానికి పడుతుందో లేదో చూసే ప్యాచ్ టెస్టుకూ మాత్రం అప్పటికి రోజులు మిగలవు.

ముందు తేదీ సంగతి. పెద్ద ముహూర్తం ఉన్న రోజు షూట్ పెట్టుకోకండి. పేరున్న మేకప్ ఆర్టిస్టుకు ఆ రోజు రెండు మూడు పెళ్ళిళ్ళుంటాయి. అర్ధరాత్రి ఒక మండపం, తెల్లారగట్ల ఇంకొకటి. మీ ఇంటికి వచ్చేది అసిస్టెంటయినా కావాలి, రాత్రంతా నిద్రలేని మనిషయినా కావాలి. మూఢం రోజులయితే ఆమె తీరిగ్గా ఉంటుంది, రేటూ కాస్త దిగుతుంది. మూఢంలో ఫొటోలేమిటని ఇంట్లో పెద్దవాళ్ళు అడ్డుకుంటే మాత్రం దానికి మా దగ్గర మందు లేదు.

ఇన్‌స్టాగ్రామ్‌లో కనిపించే ముఖాలు చూసి అడ్వాన్సు ఇవ్వకండి. అక్కడ సగం పని ఫిల్టర్‌ది, ఇంకో సగం రింగ్‌లైట్‌ది. మీ రంగుకు దగ్గరగా ఉన్నవాళ్ళకు వేసిన మేకప్ ఫొటోలు, ఫోన్‌తో పగటి వెలుగులో తీసి ఎడిట్ చేయనివి అడగండి. వేసిన వెంటనే తీసినదొకటి, నాలుగైదు గంటలు గడిచాక తీసినదొకటి ఉంటే ఇంకా మేలు. ఎండలో నిలిచే పని ఏదో ఆ రెండో ఫొటోలో తెలిసిపోతుంది.

మాటలన్నీ వాట్సాప్‌లో రాతపూర్వకంగా ఉండాలి. వేసేది ఆమేనా, అసిస్టెంటా? ఎన్ని లుక్కులు? జడ, చీరకట్టు, అతికించే ఐలాషెస్ రేటులో కలిసే ఉన్నాయా? తెల్లవారుజాము పనికి అదనమా? చెదిరిన మేకప్ సరిదిద్దే టచప్‌కు షూట్ అయ్యేదాకా ఉంటుందా, వేసి వెళ్ళిపోతుందా? కారు ఖర్చు ఎవరిది? వాన పడితే, ఒంట్లో బాగాలేకపోతే అడ్వాన్సు ఏమవుతుంది? గొడవలు ఎక్కువగా వచ్చేది టచప్ దగ్గరే. చంద్రగిరి కోటలో షూట్ నడుస్తుండగా పది గంటలకల్లా ముక్కు మీద పౌడర్ ముద్దకట్టేసరికి, ఆమె తిరుపతిలో మరో ఇంట్లో ఉంటుంది.

ట్రయల్ ఎలా చేయించుకోవాలి

షూట్‌కు 10 నుంచి 15 రోజుల ముందు, పగలు చేయించుకోండి. ఫౌండేషన్ రంగును చేతి మీద చూపిస్తే ఒప్పుకోవద్దు. చేతి రంగు వేరు, ముఖం రంగు వేరు. దవడ అంచు నుంచి మెడ మీదికి వచ్చేలా మూడు షేడ్లు సన్నటి గీతల్లా పెట్టించుకొని వరండాలోకి వెళ్ళండి. చర్మంలో కలిసిపోయి కనిపించకుండా పోయే గీతే మీ షేడ్. అయినా అప్పుడే ఖాయం చేయకండి. కొన్ని ఫౌండేషన్లు చర్మపు జిడ్డు తగిలి 15, 20 నిమిషాల్లో ఒక మెట్టు ముదురుతాయి. ఆగి మళ్ళీ చూడండి.

"కొంచెం తెల్లగా వెయ్యి" అని పక్కనుంచి అత్తమ్మో పిన్నమ్మో అంటారు. మీ రంగుకన్నా రెండు షేడ్లు తెల్లటిది వేస్తే ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు, గోరింటాకు పెట్టిన చేతులు ఇంకో రంగు. దగ్గరి ఫొటోల్లో సర్దొచ్చేమో గానీ నిలువెత్తు ఫొటోలో ఎడిటర్ కూడా చేతులెత్తేస్తాడు.

తర్వాత గదిలో లైట్లార్పి ఫోన్ ఫ్లాష్‌తో ఒక ఫొటో తీయించుకోండి. ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగా వస్తే కారణం రెండింట్లో ఒకటి: కింద రాసిన సన్‌స్క్రీన్‌లోని జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్, లేదా పైన ఎక్కువగా అద్దిన సిలికా పౌడర్. ఇవి ఫ్లాష్ వెలుగును తిప్పి కొడతాయి. పగటి షూట్‌కు సన్‌స్క్రీన్ తప్పదు. సాయంత్రం ఫ్లాష్ వాడతారో లేదో కెమెరామన్‌ను అడిగి ఆ సంగతి మేకప్ ఆమెకు చెప్పండి. ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు, మధ్యలో మీరే ఉండాలి.

చర్మం

ట్రయల్ రోజే ప్యాచ్ టెస్ట్ అడగండి. ఫౌండేషన్, దాని కింద రాసే ప్రైమర్ చెవి వెనకో, మోచేతి మడతలోనో చుక్కంత రాసి 24 నుంచి 48 గంటలు చూడాలి. ఐలాష్ జిగురుకూ ఇదే పద్ధతి. లేటెక్స్ (రబ్బరు పాలు) పడనివాళ్ళకు రెప్పలు వాచిపోతాయి, కాబట్టి లేటెక్స్ లేని జిగురు ఉందేమో ముందే కనుక్కోండి. కొత్త ఫేషియల్, బ్లీచ్ లాంటి ప్రయోగాలకు చివరి పది రోజులు అస్సలు వద్దు. త్రెడింగ్, వ్యాక్సింగ్ రెండు మూడు రోజుల ముందే కావాలి. ముందురోజు చేయిస్తే ఆ ఎర్రటి చోట్ల ఫౌండేషన్ మంటపెడుతుంది, సరిగా అతకదు.

నలుగు పెట్టిన మర్నాడే షూట్ ఉంటే పసుపు పెద్ద చిక్కు. పసుపు రంగు నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. ఎన్నిసార్లు సబ్బుతో కడిగినా చెంపల పక్కన, జుట్టు మొదళ్ళలో మిగిలే ఉంటుంది. కొబ్బరినూనె దూదితో తుడిచి, ఆ తర్వాత ఫేస్‌వాష్‌తో కడగండి. మిగిలితే ట్రయల్‌లో కుదిరిన షేడ్ ఆ రోజు కుదరదు.

కిట్టు తెరిచినప్పుడు కళ్ళు అక్కడే పెట్టండి. లిప్‌స్టిక్‌ను నేరుగా పెదాలకు రాయకూడదు. స్పాచులాతో (చిన్న చపటా పుల్లతో) గీరి పలక మీద వేసుకొని బ్రష్‌తో రాయాలి. మస్కారా పుల్ల మనిషికొకటి, వాడి పారేసేది. ఒకసారి కంటికి తగిలిన పుల్లను మళ్ళీ సీసాలో ముంచకూడదు. కనుబొమలు గీసే బ్లేడ్ మీ ముందే కొత్తది విప్పాలి. స్పాంజీ తడిగా, మరకలతో ఉంటే మీరే ఒకటి కొనుక్కెళ్ళి ఇవ్వండి, నామోషీ ఏమీ లేదు. డబ్బా మీద మూత తెరిచిన గుర్తు, పక్కన 12ఎం అని ఉంటే తెరిచాక 12 నెలలే వాడాలి. మస్కారాకయితే మూడు నుంచి ఆరు నెలలే.

ఆ రోజు

లెక్క వెనక నుంచి వేసుకోవాలి. మే నెలలో తిరుపతిలో సూర్యోదయం దాదాపు 5:45కు. ముఖానికి హాయైన వెలుగు ఏడున్నర దాకానే, ఆ తర్వాత పైకెక్కే ఎండ కళ్ళ కింద నీడలు వేస్తుంది. చంద్రగిరి 15 కిలోమీటర్ల లోపే, సర్దుకొని దిగడానికి ముప్పావు గంట చాలు. పట్టుచీర, పూలజడ ఉన్న లుక్కుకు రెండు నుంచి రెండున్నర గంటలు. అంటే రెండున్నరకల్లా కుర్చీలో కూర్చోవాలి. తేలిక మేకప్, వదులు జుట్టు అయితే గంటన్నరలో అయిపోతుంది. ఈ మాట చెప్తే చాలామంది పూలజడను సాయంత్రం లుక్కుకు మార్చుకుంటారు, అదే మంచిది.

చంద్రగిరి కోట పురావస్తు శాఖ చేతిలో ఉంది. ట్రైపాడ్ పెట్టాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. గేటు తెరిచే వేళ కనుక్కోకుండా మేకప్ టైమ్ పెట్టుకుంటే బయట నిలబడి చెమటలు కక్కాల్సిందే. తలకోన జలపాతం శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్కులో ఉంది, అక్కడ అటవీశాఖను అడగాలి. కోతులు పూలజడ జోలికీ, బ్యాగుల జోలికీ వస్తాయి. షూట్ నుంచి అటే కొండకు వెళ్దామనుకుంటే, తిరుమలలో తలలో పూలు పెట్టుకోరని గుర్తుంచుకోండి. కింద పూలు తీసే పది నిమిషాలు కూడా లెక్కలో వేసుకోండి.

ఎండలో మేకప్ కరగడానికి పెద్ద కారణం మందంగా వేయడం. ముఖం కడిగి ఏసీలోనో ఫ్యాను కిందో పావుగంట కూర్చొని, చెమట పూర్తిగా ఆరాకే మొదలుపెట్టమనండి. ఫౌండేషన్ ఒకే మందపు పొరగా కాక పల్చగా రెండుసార్లు. పౌడర్ నుదురు, ముక్కు, గడ్డం మీదే. చెమట పట్టినప్పుడు రుద్దితే ఫౌండేషన్ ఊడి చేతికొస్తుంది. టిష్యూను రెండు పొరలుగా విడదీసి, ఒక పొరను ముఖానికి ఆనించి, వేళ్ళతో అదిమి, తిన్నగా పైకి తీయాలి. చెమట తీయకుండా మీద పౌడర్ వేస్తే ముద్దకడుతుంది. కిట్టును ఎండలో ఆపిన కారులో వదలొద్దు, లిప్‌స్టిక్‌లూ క్రీములూ కరిగిపోతాయి.

రంగు కాంటాక్ట్ లెన్సులు మేకప్‌కు ముందే పెట్టుకోవాలి, ఇంకొకరివి వాడకూడదు, వాటితో జలపాతం నీళ్ళలోకి దిగకూడదు. నీళ్ళలోని సూక్ష్మజీవులు లెన్సు కింద చేరితే కంటికే ముప్పు. మేకప్ వేసేటప్పుడు మంట పుడితే "కాసేపు ఓర్చుకో" అన్నా వినకండి, వెంటనే కడిగేయాలి. పెదాలు, కళ్ళు వాచి ఊపిరి ఆడకపోతే 108కు ఫోన్ చేయండి.

రాత్రికి మొదట లెన్సులు తీసి, తర్వాత నూనెతో ఐలాష్ జిగురు నాననిచ్చి అతికించిన ఐలాషెస్‌ను మెల్లగా విడదీయండి, లాగొద్దు. జడ విప్పేటప్పుడు యూ పిన్నులు, సైడు పిన్నులు లెక్క చూసుకోండి. పెట్టేటప్పుడు ఎన్ని పెట్టిందో మేకప్ ఆమెను అడిగి ఫోన్‌లో రాసి ఉంచుకుంటే, సవరం కింద ఇరుక్కుపోయింది ఒకటా రెండా అన్నది దిండు మీద తల పెట్టకముందే తెలుస్తుంది.