పరిశోధన ప్రపోజల్‌లో రిఫరెన్సులు: గైడ్ ఎర్ర గీత పెట్టే చోట్లు

ఉదాహరణలు తెలుగు భాషా పరిశోధన నుంచి ఇస్తున్నాను. చిక్కులు మాత్రం ఏ సబ్జెక్టుకైనా ఇవే.

జాబితాలో ఒకే రచయిత రెండు చోట్ల ఉన్నారు

భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారినే తీసుకోండి. ద్రావిడ భాషలపై కేంబ్రిడ్జ్ వేసిన ఆయన పుస్తకం ఇంగ్లిష్ వ్యాసాల్లో 'కృష్ణమూర్తి, 2003'గా కనిపిస్తుంది. తెలుగు గ్రంథసూచుల్లో చాలాచోట్ల ఆయన 'భద్రిరాజు' కింద ఉంటారు. రెండూ దించుకుంటే ఒక్క మనిషి ఇద్దరవుతారు.

కారణం తెలిసిందే: మనకు ఇంటిపేరు ముందు, పాశ్చాత్యులకు చివర. రిఫరెన్సులు దాచుకునే సాఫ్ట్‌వేర్ జొటెరోలో పేరుకు రెండు గడులుంటాయి: ఇంటిపేరుకొకటి, సొంత పేరుకొకటి. ఏది ఎందులో పడిందో ప్రతి తెలుగు పేరుకూ చూసి, చేత్తో సరిచేయండి. ప్రపోజల్ తెలుగులో అయితే ఇంటిపేరుతో, ఇంగ్లిష్‌లో అయితే పుస్తకాన్ని అందరూ ఏ పేరుతో ఉదహరిస్తున్నారో దానితో వెళ్లండి. లోపల బ్రాకెట్లలో రాసిందీ చివరి జాబితాలో ఉన్నదీ ఒకటే కావాలి.

సంవత్సరం, పేజీ కుదరడం లేదు

మీరు చూసిన ముద్రణ ఒకటి, రాసింది ఇంకొకటి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు మొదట 1852లో వచ్చింది. షికాగో విశ్వవిద్యాలయం సైట్‌లో ఉన్నది 1903 నాటి సవరించిన ముద్రణ. అక్కడ చూసి 1852 అని వేస్తే తప్పే. మీరు తెరిచిన ముద్రణనే రాయండి. మూలం అసలు దొరక్కపోతే 'ఫలానా పుస్తకంలో ఉదహరించినది' అని ఒప్పుకుని, చదివిన పుస్తకాన్నే జాబితాలో చేర్చండి.

ముప్పై పేర్లున్నా 'మీరు చేసేదేంటి?' అంటున్నారు

పేరాకో రచయితను పేర్చడం వల్ల వచ్చే చిక్కిది. పేరాను పేరుతో కాక, విషయంతో ఎత్తుకోండి. ఎవరు ఎంతవరకు తేల్చారో చెప్పి, వాళ్లు ఆగినచోట మీ ప్రశ్న పెట్టండి. నా లెక్కలో ప్రపోజల్‌కు ప్రాణం ఇదే.

సిమిలారిటీ 10 శాతం దాటింది

సిమిలారిటీ అంటే మీ రాత ఇతరుల రాతలతో ఎంత కలుస్తోందో సాఫ్ట్‌వేర్ చెప్పే శాతం. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల్లో ఆ 10 శాతం వరకు శిక్ష లేదు. ఆధారం చూపిన ఉల్లేఖనాలు, గ్రంథసూచి లెక్కలోకి రావు. వాటిని తీసేసి మళ్లీ చూడండి. సాఫ్ట్‌వేర్ రంగు వేసి చూపిన వాక్యాలు ఇంకా ఉంటే, ఎత్తిరాసినవాటికి కొటేషన్ గుర్తులు పెట్టండి, లేదా పుస్తకం మూసి సొంత మాటల్లో రాయండి. ఎలా రాసినా ఆధారం ఉండాల్సిందే.

డీఓఐ నొక్కితే పేజీ రావడం లేదు

డీఓఐ అంటే వ్యాసానికో పుస్తకానికో ఆన్‌లైన్‌లో ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య. అందులో అంకె తప్పు పడి ఉండొచ్చు, లేదా అది ఏఐ కల్పించిన రిఫరెన్సు అయి ఉండొచ్చు. శీర్షికతో డీఓఐలు నమోదయ్యే క్రాస్‌రెఫ్ సైట్‌లో, సిద్ధాంత గ్రంథమైతే భారతీయ పీహెచ్‌డీ గ్రంథాలు దాచే శోధ్‌గంగ సైట్‌లో వెతకండి. ఎక్కడా లేకపోతే ఆ ఎంట్రీతోపాటు, దాని మీద ఆధారపడ్డ వాక్యాన్నీ కొట్టేయండి.