పది గుంటల్లో ఐదు పొట్టేలు పిల్లల్ని పెంచడం ఎలా?

కాస్త జాగా, ఓ బోరు ఉంటే చాలు, చాలామంది సంతకెళ్లి ముందు పిల్లల్ని కొనుక్కొస్తారు. మేత సంగతి తర్వాత గుర్తొస్తుంది. పది గుంటలంటే పావు ఎకరం. అందులో ఐదింటిని వదిలితే నెల తిరక్కుండా నేల నున్నగా గీకేస్తాయి. ఇంత చిన్న జాగాలో మేత పండించి, కోసి, కొట్టంలోనే వెయ్యాలి. అందుకే పిల్లల్ని తెచ్చే మూడు నెలల ముందే పని మొదలుపెట్టండి.

1. గడ్డి

మూడు గుంటల్లో సూపర్ నేపియర్ కణుపులు నాటండి. మరో రెండు గుంటల్లో దశరథ గడ్డి (హెడ్జ్ లూసర్న్ అన్నా ఇదే) వేయండి. దీని విత్తనం మొండిది. మరిగి కాస్త చల్లారిన నీళ్లలో మూడు నాలుగు నిమిషాలు ఉంచి, తర్వాత రాత్రంతా చన్నీళ్లలో నానబెడితేనే బాగా మొలుస్తుంది. గట్ల మీద అవిసె, సుబాబుల్ పెట్టుకోండి. సుబాబుల్ మాత్రం మొత్తం మేతలో మూడో వంతు దాటనివ్వకండి. నేపియర్ తలెత్తు పెరిగితే కాడ ముదిరి గొర్రె ముట్టదు. నడుము ఎత్తులో ఉండగానే కోసి ముక్కలు చేసి వేయాలి.

ఎండు మేతగా వేరుశనగ కట్టె, కందిపొట్టు కోతలప్పుడే కొని దాచుకోండి. పక్క చేలో కోసిన జొన్న మోళ్లకు లేత చిగురు వస్తే అటు పోనివ్వద్దు. ఆ చిగురులో నాము అనే విషం ఉంటుంది, తింటే గంటల్లోనే ప్రాణం మీదికొస్తుంది.

2. కొట్టం

పెరిగిన గొర్రెకు 10 నుంచి 12 చదరపు అడుగుల నీడ కావాలి. ఐదింటికి 10 అడుగులకు 6 అడుగుల పాక చాలు. దానికి రెట్టింపు ఖాళీ జాగా ముందు వదలండి. నేల ఎత్తుగా, మొరం పోసి ఉండాలి. తడిలో నిలబడితే గిట్టలు చెడతాయి. అన్నిటికన్నా పెద్ద టెన్షన్ వీధి కుక్కలు. ఐదడుగుల జాలీ కట్టి, అడుగు భాగాన్ని నేలలోకి పాతేయండి. కుక్కలు పైనుంచి దూకకపోయినా కింద తవ్వుకుని వస్తాయి.

3. సంతలో

పాలు మరిచిన, మూడు నాలుగు నెలల మగపిల్లల్ని చూడండి. 12 నుంచి 15 కిలోలుంటే మంచిది. తెల్ల ఒళ్లు, కళ్ల చుట్టూ మూతి మీద నల్ల మచ్చలు ఉంటే నెల్లూరు జొడిపి. ఎత్తుగా ఎదుగుతుంది, బక్రీద్‌కు గిరాకీ ఎక్కువ. సంతలో చాలావరకు కంటిచూపు బేరమే, కాబట్టి ఊళ్లో గొర్రెలు కాసే పెద్దాయన్ని వెంట తీసుకెళ్లండి.

బేరానికి ముందు మీరు చేయాల్సిన పని ఒకటుంది. పిల్ల తల పట్టుకుని బొటనవేలితో కింది కనురెప్పను కిందికి లాగండి. లోపలి పొర ఎర్రగా ఉంటే సరే. పాలిపోయి తెల్లగా కనిపిస్తే కడుపులో నట్టలు రక్తం తాగేస్తున్నాయని అర్థం. తోక కింద తడి, ముక్కులో చీమిడి ఉన్నా వదిలేయండి.

ఒక్కదాన్ని మాత్రం ఎప్పుడూ కొనకండి. తోడు లేని గొర్రె రోజంతా అరుస్తూ మేత మానేస్తుంది.

4. మొదటి పదిహేను రోజులు

తెచ్చిన రోజు నీళ్లు, ఎండు మేత మాత్రమే. ఇంట్లో పాత జీవాలుంటే వీటిని వేరుగా కట్టండి. నాలుగు రోజులకు కుదుటపడ్డాక డాక్టరు చెప్పిన మోతాదులో నట్టల మందు తాగించండి. మందు పోసేటప్పుడు తల పైకెత్తి పట్టుకోవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చిటుక రోగం (ఉన్నట్టుండి ప్రాణం తీసే పేగు జబ్బు) టీకా వానలకు ముందే వేయించి, రెండు మూడు వారాలకు మళ్లీ వేయించాలి. పీపీఆర్ (జీవాలకు వచ్చే ప్లేగు లాంటి అంటురోగం) టీకా కూడా అడగండి. ఏపీ, తెలంగాణల్లో 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

5. రోజువారీ

దాణా మొదటి వారం గుప్పెడే. నెల రోజుల్లో మెల్లగా 200 గ్రాములకు పెంచండి. పది కిలోల దాణాకు మొక్కజొన్న నూక 4 కిలోలు, వేరుశనగ చెక్క 3 కిలోలు, తవుడు 2.7 కిలోలు, లవణ మిశ్రమం 200 గ్రాములు, ఉప్పు 100 గ్రాములు. తొట్టిలో మంచినీళ్లు ఎప్పుడూ ఉండాలి. దాణా ఎక్కువై నీళ్లు తక్కువైతే మగపిల్లలకు మూత్రంలో రాళ్లు వస్తాయి.

అన్నం మాత్రం పెట్టొద్దు. మొదటి ఏడాది పక్కింటి ఫంక్షన్‌లో మిగిలిన అన్నం బకెట్టెడు తెచ్చి, పారేయడమెందుకని తొట్టిలో పోశాం. ఎగబడి తిన్నాయి. తెల్లారేసరికి ఒకటి ఎడమ డొక్క ఉబ్బి, పళ్లు కొరుకుతూ పడి ఉంది. డాక్టరు వచ్చేలోపే పోయింది. ఇప్పటికీ ఎవరైనా ప్రేమగా అన్నం గిన్నె తెస్తే గేటు దగ్గరే తీసుకుని కోళ్లకు పోస్తాను.

కాసేపు బయట తిప్పాలనుకుంటే మంచు ఆరాక, తొమ్మిది దాటాక తిప్పండి. తడి గడ్డి కొసల మీదే నట్టల పిల్లలుంటాయి.

6. అమ్మకం

రోజుకు 100 గ్రాములు పెరిగితే బాగా పెరిగినట్టే, ఆరు నెలల్లో 30 కిలోలు దాటుతుంది. బక్రీద్ ఏటా 10, 11 రోజులు ముందే వస్తుంది. ఏడాది నిండిందా అని పళ్లు చూసి కొనేవాళ్లే ఎక్కువ కాబట్టి, ఆ లెక్కన పండక్కి ఎనిమిది, తొమ్మిది నెలల ముందు పిల్లల్ని కొనాలి. అమ్మేటప్పుడు మాత్రం కాటా మీరే తెచ్చుకుని బతికున్న తూకానికి బేరమాడండి.

కొట్టంలో ఊడ్చిన పెంటికలు పారేయకండి. గుంతలో మాగనిచ్చి, ప్రతి కోత తర్వాత నేపియర్ మొదళ్లకు వేసి నీళ్లు పెట్టండి.