సెట్‌బ్యాక్ తర్వాత ఇల్లు సరిగా వేడెక్కకపోతే: సమస్యలు - పరిష్కారాలు

అమెరికాలో చలికాలం రాగానే చాలామంది థర్మోస్టాట్‌కి (ఇంట్లో వేడిని నియంత్రించే గోడ మీది పరికరం) ఒక షెడ్యూల్ పెట్టుకుంటారు. రాత్రి పడుకున్నాక 62, పొద్దున లేచేసరికి 70. ఇలా తగ్గించడం సెట్‌బ్యాక్, మళ్లీ పైకి తేవడం రికవరీ. రోజుకు 8 గంటలు, 7 నుంచి 10 డిగ్రీలు తగ్గిస్తే ఏడాది హీటింగ్, కూలింగ్ ఖర్చులో 10 శాతం దాకా మిగులుతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. (ఇక్కడ డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్‌లోనే.) తంటాలన్నీ రికవరీ దగ్గరే.

ముందు మీ ఇంట్లో ఉన్నది గ్యాస్ మండించి వేడిచ్చే ఫర్నేసో, కరెంటుతో బయటి వేడిని లోపలికి తెచ్చే హీట్ పంపో తేల్చుకోండి. హీటింగ్ నడిచేటప్పుడు బయటి యూనిట్ కూడా తిరుగుతుంటే అది హీట్ పంప్. ఒకదానికి మంచి చేసే సెట్టింగ్ రెండోదానికి బిల్లు పెంచుతుంది.

సమస్య: 6 గంటలకు పెడితే 4:30కే హీటింగ్ మొదలవుతోంది

ఇది లోపం కాదు. మీరు పెట్టిన సమయానికల్లా ఇల్లు 70కి చేరాలని థర్మోస్టాట్ ముందే మొదలుపెడుతోంది. హనీవెల్ థర్మోస్టాట్లలో దీన్ని అడాప్టివ్ రికవరీ అంటారు, ఎకోబీలో స్మార్ట్ రికవరీ, నెస్ట్‌లో ఎర్లీ ఆన్. కొత్తగా పెట్టినప్పుడు మీ ఇల్లు ఎంతసేపట్లో వేడెక్కుతుందో నేర్చుకోవడానికి వారం దాకా పడుతుంది. అంతవరకు షెడ్యూల్ కదపకండి. "కాస్త ముందే ఉండనీ" అని 6ని 5 చేస్తే అది 3:30కే మొదలవుతుంది.

సరిగ్గా గంట తేడా కనిపిస్తే మాత్రం గడియారం చూడండి. మార్చి, నవంబరుల్లో సమయం మారినప్పుడు కొన్ని పాత మోడళ్లు వాటంతటవి మారవు.

సమస్య: కరెంటు బిల్లు పెరిగింది, స్క్రీన్ మీద "ఆక్స్ హీట్" అని వస్తోంది

హీట్ పంప్ ఉన్న ఇళ్లలో డబ్బు పోయేది ఎక్కువగా ఇక్కడే. బయట 40 డిగ్రీలున్నప్పుడు మంచి హీట్ పంప్ 1 యూనిట్ కరెంటు తీసుకుని రెండున్నర నుంచి మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. ఆక్స్ హీట్ అంటే గాలి వచ్చే దారిలో ఉన్న ఎలక్ట్రిక్ స్ట్రిప్పులు. ఇవి 1 యూనిట్‌కు 1 యూనిట్ వేడే ఇస్తాయి. 10 కిలోవాట్ల స్ట్రిప్పులు గంటసేపు వెలిగితే 10 యూనిట్లు ఖర్చు. ఉన్న వేడికీ కావలసిన వేడికీ తేడా 2, 3 డిగ్రీలు దాటితే చాలా థర్మోస్టాట్లు స్ట్రిప్పులను పిలుస్తాయి. రాత్రంతా 8 డిగ్రీలు తగ్గించి మిగిల్చింది పొద్దున గంటలో కరిగిపోతుంది.

చేయాల్సినవి:

- సెట్‌బ్యాక్‌ను 2, 3 డిగ్రీలకు మించనివ్వకండి.
- అడాప్టివ్ రికవరీ ఆన్ చేయండి. ముందే మొదలైతే స్ట్రిప్పులు లేకుండా కంప్రెసర్ (హీట్ పంప్‌ను నడిపే యంత్రం) ఒక్కటే నిదానంగా వేడెక్కిస్తుంది.
- ఇన్‌స్టాలర్ సెట్టింగుల్లో ఆక్స్ లాకవుట్ ఉంటే, బయట 35-40 డిగ్రీలకు పైన స్ట్రిప్పులు రాకుండా పెట్టండి. దీనికి బయటి సెన్సర్ గానీ వైఫై గానీ ఉండాలి.
- మోడ్ "ఎమర్జెన్సీ హీట్"లో ఉండిపోయిందేమో చూడండి. అందులో కంప్రెసర్ అసలు తిరగదు.
- చేత్తో పెంచేటప్పుడు ఒక్కసారే 5 డిగ్రీలు కాకుండా ఒక్కో డిగ్రీ పెంచండి.

థర్మోస్టాట్ మార్చాక హీటింగ్‌లో చల్లగాలి వస్తుంటే ఓ/బి సెట్టింగ్ (హీట్ పంప్‌ను వేడికీ చల్లదనానికీ మధ్య మార్చే వాల్వ్‌ది) తిరగబడి ఉంటుంది. ఎక్కువ బ్రాండ్లకు "ఓ", రీమ్, రూడ్‌లకు సాధారణంగా "బి". వైర్లు ముట్టుకునే ముందు బ్రేకర్ ఆపండి. 24 వోల్టులే కదా అని వదిలేస్తే, ఆర్ వైరు (కరెంటు వచ్చేది) సి వైరుకు (తిరిగి వెళ్లేది) తగలగానే కంట్రోల్ బోర్డు మీది 3 లేదా 5 ఆంపియర్ల ఫ్యూజ్ పోతుంది.

సమస్య: రికవరీ మధ్యలో ఫర్నేస్ మంట ఆగిపోతోంది, ఫ్యాన్ తిరుగుతోంది

మామూలుగా రోజంతా బాగానే నడిచి పొద్దున మాత్రమే ఇలా అయితే ముందు గాలి తగ్గిందేమో చూడాలి. రికవరీలో ఫర్నేస్ ఏకధాటిగా మండుతుంది. గాలి చాలకపోతే లోపల వేడి పెరిగి లిమిట్ స్విచ్ మంట ఆపేస్తుంది. ఫిల్టర్ మార్చండి, 1 అంగుళం ఫిల్టర్ 1 నుంచి 3 నెలలే. అలర్జీ కోసం మెర్వ్ 13 (సన్నని దుమ్మును కూడా ఆపే దట్టమైన ఫిల్టర్) వేసిన ఇళ్లలో ఈ ఇబ్బంది ఎక్కువ. వాడని గదుల్లో మూసిన రిజిస్టర్లు (గాలి వచ్చే జాలీలు) తెరవండి. అయినా ఆగుతుంటే బోర్డు మీది లైటు ఎన్నిసార్లు మెరుస్తోందో లెక్కపెట్టి, ఫర్నేస్ తలుపు లోపలి పట్టికతో పోల్చండి. మంచు పడ్డాకే మొదలైతే గోడ బయటి పీవీసీ గొట్టాలు (ఫర్నేస్ గాలి, పొగ గొట్టాలు) మూసుకుపోయాయేమో చూడండి. లిమిట్ స్విచ్‌ను బైపాస్ చేయడం మాత్రం ఎప్పుడూ వద్దు, నిప్పుతో పని.

సమస్య: 70కి పెడితే 73 దాకా పోతోంది

థర్మోస్టాట్ వెనక వైరు వచ్చే రంధ్రంలోంచి గోడలోని చల్లగాలి సెన్సర్‌కు తగులుతుండవచ్చు. పుట్టీతో మూసేయండి. తర్వాత సైకిల్ రేటు (గంటకు ఎన్నిసార్లు హీటింగ్ మొదలవ్వాలో చెప్పే సెట్టింగ్) చూడండి: హనీవెల్‌లో మామూలు గ్యాస్ ఫర్నేస్‌కు 5, 90 శాతం పైబడిన సామర్థ్యం ఉన్నదానికీ వేడినీటి బాయిలర్‌కూ 3, స్టీమ్‌కు 1.

కాంక్రీటు నేల కింద గొట్టాలున్న హీటింగ్‌కు రాత్రి సెట్‌బ్యాక్ దండగ. ఆ నేల చల్లారడానికీ వేడెక్కడానికీ గంటలు పడుతుంది.

డిసెంబరులో కొన్ని వారాలు ఇండియా వెళ్తుంటే

55 దాకా తగ్గించవచ్చు గానీ అంతకంటే కిందికి వద్దు, గోడల్లోని నీళ్ల గొట్టాలు గడ్డకట్టి పగులుతాయి. నీళ్ల మెయిన్ వాల్వ్ కట్టేయండి. 55 నుంచి 70కి రావడానికి చాలా గంటలు పడుతుంది కాబట్టి, ఫర్నేస్ అయితే తిరుగు విమానం ఎక్కేటప్పుడు యాప్‌లో 70 పెట్టేయండి. హీట్ పంప్ అయితే ముందురోజు నుంచే 2 డిగ్రీల చొప్పున పెంచుతూ రండి.