సింగపూర్ వార్డులో కొత్తగా చేరిన నర్సులకు: ‘తియా’ అంటే టీ కాదు

నేను సింగపూర్ వచ్చిన రెండో వారం. తుంటి ఆపరేషన్ అయి ఒక రోజైన చైనీస్ పెద్దావిడ నన్ను చూడగానే "తియా, తియా" అంది. టీ అడుగుతోంది కాబోలని వేడివేడిగా కలిపి పట్టుకెళ్లాను. ఆవిడ కప్పు వంక ఒకసారి, నా మొహం వంక ఒకసారి చూసి కళ్లు మూసుకుంది. పక్కన నేల తుడుస్తున్న ఆంటీ నవ్వాపుకుంటూ చెప్పింది, హొక్కియెన్ అనే చైనీస్ భాషలో తియా అంటే నొప్పి అని. నా టీ పుణ్యమా అని ఆవిడకి నొప్పి మందు అరగంట ఆలస్యమైంది.

మనవాళ్లు చైనా అధికార భాష మాండరిన్ నేర్పే యాప్ ఒకటి ఫోన్‌లో వేసుకుని ధీమాగా దిగుతారు. ఇక్కడ నలుగురిలో ముగ్గురు చైనీయులే, నిజమే. కానీ మాండరిన్ మాట్లాడమని ప్రభుత్వం ప్రచారం మొదలుపెట్టింది 1979లో. వార్డులో మనకి ఎక్కువగా తగిలే ముసలివాళ్లు అంతకు ముందే హొక్కియెన్, తియోచ్యూ, కాంటనీస్ లాంటి వేరే చైనీస్ భాషలతో పెరిగి పెద్దయినవాళ్లు. నాలుగు హొక్కియెన్ ముక్కలు చీటీ మీద రాసుకుని బ్యాడ్జి వెనక పెట్టుకోండి. లిమ్ చుయ్ అంటే నీళ్లు తాగడం. పాంగ్ జియో అంటే మూత్రానికి వెళ్లడం. జియాక్ పా బ్వే అంటే తిన్నారా అని. పెద్దావిడని ఆ మా అని, పెద్దాయన్ని ఆ గోంగ్ అని పిలవండి. "బో యావ్ కిన్" అంటే ఫర్వాలేదని అర్థం. ఈ మాటని మాత్రం ఊరికే నమ్మేయకండి. పెయిన్ స్కోర్ అడిగితే ఫర్వాలేదంటారు, పక్కకి తిప్పేటప్పుడు బెడ్ రెయిలింగ్‌ని గట్టిగా పట్టుకుంటారు. ఆ చేతిని చూడండి. మన మామ్మలు మాత్రం? "ఏం లేదులే తల్లీ" అనరూ!

పేర్లలో మనకో సుళువు ఉంది. మనలాగే వాళ్లకీ ఇంటిపేరే ముందు. చిక్కల్లా ఏంటంటే ఒకే వార్డులో ముగ్గురు టాన్‌లు, ఇద్దరు లిమ్‌లు ఉంటారు. పేరు విని మందివ్వద్దు, చేతి బ్యాండు చూడాల్సిందే.

ఇక తిండి దగ్గరికి వద్దాం. అసలు కథంతా ఇక్కడే ఉంది. ఆ మా పక్కన ఐసు నీళ్లు పెట్టకండి, ముట్టరు. గోరువెచ్చటివి పెట్టండి. ఒంటికి వేడి చేసేదాన్ని ఇక్కడ హీటీ అంటారు, చలవ చేసేదాన్ని కూలింగ్ అంటారు. మామిడిపండు వేడని అమ్మ తిట్టినట్టే, ఇక్కడ డురియన్ పండు తింటే తిడతారు. సాయంత్రం కూతురో కోడలో ఫ్లాస్కులో సూప్ తెస్తారు. దాన్ని అడ్డుకుంటే ఆ ఇంటివాళ్లతో మీకు చెడినట్టే. "ఏమేం వేశారు ఆంటీ?" అని అడగండి, ఇష్టంగా చెప్తారు. దాంగ్ గుయ్, దాన్ షెన్ అన్న వేర్లు అందులో ఉండి, పేషెంటు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు మీద ఉంటే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. వెంటనే డాక్టర్‌కీ ఫార్మసిస్ట్‌కీ చెప్పండి. నీళ్లు కొలిచి ఇచ్చే గుండె జబ్బు, కిడ్నీ పేషెంట్లకైతే సూప్‌ని కూడా ఇన్‌టేక్ చార్టులో ఎక్కించండి. కొత్తవాళ్లు మర్చిపోయేది ఇదే.

ప్రసూతి వార్డు పడితే మీకు కొత్తేమీ అనిపించదు. నెల రోజులు తలస్నానం వద్దు, ఫ్యాను గాలి వద్దు, చల్లటిది వద్దు. అల్లం, నువ్వుల నూనె, రెడ్ డేట్స్ అనే ఎండు రేగుపళ్ల కషాయం మాత్రం కావాలి. చెవుల్లో దూది, సాంబ్రాణి పొగ ఒక్కటే తక్కువ. బాలింతకి ఏసీ తగ్గించమని అత్తగారు అడిగితే తగ్గించండి, వాదన దేనికి?

నాకు ఇప్పటికీ టెన్షన్ పెట్టేది వేరే ఉంది. కొడుకు కారిడార్‌లోకి పిలిచి "నాన్నకి క్యాన్సర్ అని చెప్పకండి" అంటాడు. మీరు మాట ఇవ్వద్దు, కాదని వాదించనూ వద్దు. డాక్టర్‌తో మాట్లాడిస్తానని చెప్పి నోట్స్‌లో రాయండి. ఈలోగా ఆ పెద్దాయనే "నాకేమైందమ్మా?" అని అడిగితే అబద్ధం ఆడకండి, "మీకు ఎంతవరకు చెప్పారు?" అని అడిగి వినండి. చాలాసార్లు ఆయనకి సగం తెలిసే ఉంటుంది.

నాలుగో నంబరు బెడ్ వద్దంటే విసుక్కోకండి, ఆ అంకె చావు అన్న మాటలా వినిపిస్తుంది వాళ్లకి. చైనీస్ పంచాంగంలో ఏడో నెల ప్రేతాల నెల కాబట్టి కొందరు ఆపరేషన్ వాయిదా వేయమంటారు. బౌద్ధ కుటుంబాల్లో కొందరు ప్రాణం పోయాక ఎనిమిది గంటలపాటు దేహాన్ని కదపొద్దని కోరతారు. వార్డులో అన్నిసార్లూ కుదరదు. అందుకని ఆఖరి ఘడియ దాకా ఆగకుండా ముందే ఇన్‌ఛార్జి సిస్టర్ చెవిన వేయండి.

చైనీస్ కొత్త సంవత్సరానికి ఎవరైనా ఎర్ర కవరులో డబ్బు పెట్టి ఇస్తే మర్యాదగా వద్దనండి, రూల్ ఒప్పుకోదు. ఆ మా రెండు నారింజలు చేతిలో పెడితే మాత్రం మీ సిస్టర్‌కి ఒక మాట చెప్పి, రెండు చేతులతో తీసుకోండి.