కథాసంపుటి సమీక్ష, నాలుగో పాఠం: వెనక గదిలో చప్పుడు

పోయినసారి అర్జెంటీనా రచయిత కొర్తాసర్ కథ 'కాసా తొమాదా' (ఆక్రమించుకున్న ఇల్లు) మీద ఒక్క పేరా రాయమంటే, మిర్యాలగూడ నుంచి జడ్చర్ల దాకా అందరూ ఒకటే రాశారు: ఆ ఇల్లు దొరల గడి, లోపలికొచ్చింది దొరల మీద తిరగబడ్డ సంఘపోళ్లు. అందుకని ఇవాళ చెప్పాల్సిన 'సంపుటిలో కథల వరుస' వచ్చే పాఠానికి పోయింది.

కథ తెలుసు కదా. హూలియో కొర్తాసర్ తొలి కథాసంపుటి 'బెస్తియారియో', 1951, బ్యూనస్ ఎయిరిస్. అందులో మొదటి కథ. పొలాల రాబడి మీద బతికే ఇద్దరు తోబుట్టువులు (కథ చెప్పే అతనూ, ఇరేనే అనే ఆమే), తాతల నాటి ఇల్లు, ఒక రాత్రి వెనక గదుల్లో చప్పుడు. అతను తలుపు మూసి గడియ పెట్టి వచ్చి, ఇంటి వెనక భాగం ఆక్రమించుకున్నారంటాడు. ఎవరో చెప్పడు.

నల్లగొండ మనిషికి గడి గుర్తుకు రాకుండా ఎట్లుంటది? అర్జెంటీనా విమర్శకులూ తర్వాత ఈ పనే చేశారు. వచ్చింది అప్పటి అధ్యక్షుడు పెరోన్ వెనక నడిచిన జనమన్నారు. కొర్తాసర్ మాత్రం తనకొచ్చిన పీడకలను కథ చేశానన్నాడు. అయినా ఆ అర్థాన్నీ కొట్టిపారేయలేదు.

గడి అనండి, నాకు పేచీ లేదు. రెండో వాక్యంలోనే అనేస్తే ఇక కథ చదివే పని ఉండదు, అదీ నా చిరాకు. ఇరేనేను చూడండి. అతని మాట వినగానే అల్లిక చేతిలోంచి జారుతుంది. అయితే ఇక ఇటువైపే ఉండాలంటుంది. కాసేపటికి మళ్లీ అల్లుకుంటుంది. కర్ర పట్టుకొని లోపలికి పోయేవాళ్లు లేరు, పక్కింటివాళ్లను పిలిచేవాళ్లు లేరు. వాళ్ల దిగులంతా అటువైపు ఉండిపోయిన పుస్తకాల గురించి, చలికాలం తొడుక్కునే చెప్పుల గురించి. మీ పేరాల్లో ఒక్కదాంట్లోనూ ఆ చెప్పులు లేవు!

నేను ముందుమాట చివర చదువుతాను. ఆవిష్కరణ సభలో పొగడ్తలు చెవిన పెట్టను. వింత జరిగిన వాక్యం కింద గీత గీసి, ఆ తర్వాత మనుషులు ఏం చేశారో పక్కన పెన్సిల్‌తో రాసుకుంటాను. ఇదే సంపుటిలో కుందేలు పిల్లలను కక్కే మనిషి ఉన్నాడు. పనిమనిషి కంటపడకుండా వాటిని బీరువాలో దాస్తాడు, మేత పెడతాడు, పది దాకా సర్దుకుంటాడు. పదకొండోది వచ్చాక ఇక అతనివల్ల కాదు. ఎందుకు కక్కుతున్నాడని కాక, పది పిల్లల దాకా ఎట్లా సర్దుకున్నాడని అడిగితే సమీక్ష కదులుతుంది.

అభ్యాసం: మన జిల్లాల నుంచి వచ్చిన వింత కథల తొలి సంపుటి ఒకటి తీసుకోండి. రచయిత మీకు తెలిసినవాళ్లైతే వద్దు. 200 మాటల సమీక్ష రాయండి. 'ప్రతీక', 'సంకేతం', 'మాంత్రిక వాస్తవికత' అనే మాటలు కనబడొద్దు. అర్థం చెప్పాలనిపిస్తే చివరి రెండు వాక్యాల్లోనే చెప్పండి. తర్వాత ఆ రెండూ కొట్టేసి, మిగిలిన సమీక్షను మొదటి నుంచి మళ్లీ రాయండి. రెండు ప్రతులూ పంపండి.