వల గుండ్లకు సీసం కరిగించే ముందు జాగ్రత్తలు

కొత్తపట్నం, జువ్వలదిన్నె తీరాల్లో వల అడుగుతాడుకు బిగించే గుండ్లను సొంతంగా పోతపోసుకునేవారు ముందుగా సీసం రకాన్ని పరీక్షించుకోవాలి. గోటితో గీస్తే గీత పడే మెత్తని సీసమే తాడుకు చక్కగా నొక్కుకుంటుంది; ఆంటిమొనీ అనే పెళుసు మూలకం ఎక్కువగా కలిసిన గట్టి సీసం చిట్లవచ్చు. పాత బ్యాటరీ పలకలను మాత్రం ఏ పరిస్థితిలోనూ కరిగించకూడదు, ఎందుకంటే వాటిలో ఆమ్లంతో పాటు ఆర్సెనిక్ వంటివి ఉండి, మిగిలిన మడ్డికి తడి తగిలితే ప్రాణాంతకమైన విషవాయువులు వెలువడే ప్రమాదం ఉంది.

సీసం 327 డిగ్రీల సెల్సియస్ వద్దే కరుగుతుంది కనుక మంటను విపరీతంగా పెంచవద్దు. అన్నిటికన్నా భయపడవలసింది తడికి: సముద్రపు గాలికి చెమ్మగిల్లిన అచ్చులో ఒక్క నీటిబొట్టున్నా అది క్షణంలో ఆవిరై, కరిగిన సీసాన్ని ముఖం మీదికి చిమ్ముతుంది. అందువల్ల అచ్చును, గరిటెను ముందే వేడిచేసి ఆరబెట్టాలి. పని ఆరుబయటే చేయాలి. పిల్లలను, గర్భిణులను దరిదాపులకు రానీయకూడదు. సీసం కాచిన గిన్నెను మళ్లీ వంటకు వాడకూడదు.