పరాయి దేశపు క్లబ్బులో తొలి సీజను: సంతకం పెట్టే ముందు ఒక్కసారి చదవండి

గత నెల ఒక సాయంత్రం సాధన ముగిశాక డ్రెస్సింగ్ రూములో నేను చూసిన సంగతే ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం. తొలి వృత్తి బాస్కెట్‌బాల్ ఒప్పందం మీద దేశం దాటి వచ్చి ఇంకా తొమ్మిది వారాలైనా నిండని ఇరవయ్యేళ్ల కుర్రవాడు, బెణికిన చీలమండ మీద మంచు సంచి పెట్టుకుని బల్ల మీద కూర్చుని ఉన్నాడు. క్లబ్బు కార్యాలయం నుంచి వచ్చిన మనిషి ఒక కాగితం అతని ఒడిలో పెట్టి, ఇది సెలవు పత్రం, రెండు వారాలు విశ్రాంతి తీసుకోమని చెప్పి కలం చేతికిచ్చాడు. కాగితం స్థానిక భాషలో ఉంది. అందులో కుర్రవాడికి అర్థమైనవి తన పేరూ తేదీ మాత్రమే. సంచిలోంచి కారిన నీటికి అతని సంతకంలోని చివరి అక్షరం అలుక్కుపోవడం నేను పక్కనుంచి చూశాను. మర్నాడు ఆ భాష వచ్చిన తోటి ఆటగాడు నకలు చదివి చెప్పాకగానీ అసలు విషయం బయటపడలేదు: ఉభయుల సమ్మతితో ఒప్పందం రద్దయిందనీ, క్లబ్బు నుంచి తనకు రావలసింది ఇక ఏమీ లేదనీ ఒప్పుకుంటూ రాసిన పత్రం అది.

నాకు ముందు అతని మీదే కోపం వచ్చింది. చదవని కాగితం మీద సంతకం ఎలా పెట్టావని గట్టిగానే అడిగాను. ఇంటికి వెళ్లాక, అతని వయసులో నేను చేసిన పని గుర్తొచ్చి ఆ కోపం చల్లారింది. నా తొలి సీజనులో మూడో నెల జీతం రాలేదు. అడిగినప్పుడల్లా వచ్చే వారం అన్నారు, నేను నమ్మాను, అలా పదకొండు వారాలు గడిచాయి. చివరికి ఫిర్యాదు చేద్దామని కూర్చుంటే నా దగ్గర ఒప్పందం నకలు కూడా లేదు. నేను డబ్బు అడిగినట్టుగానీ, వాళ్లు ఇస్తామన్నట్టుగానీ రుజువు చేయడానికి ఒక్క వాక్యం కూడా రాతలో లేదు. అన్నీ కారిడార్లో నిలబడి చెప్పుకున్న మాటలే. రెండు నెలల జీతం నాకు ఈనాటికీ రాలేదు.

అందుకే ఇల్లు, ఫోను, బ్యాంకు ఖాతా వంటి వాటి గురించి నేనేమీ రాయడం లేదు. వాటిని క్లబ్బు మనిషి దగ్గరుండి చూస్తాడు, లేకపోతే తోటి ఆటగాళ్లు చూపిస్తారు. నా బెంగంతా కాగితం గురించే.

విమానం ఎక్కకముందే రెండు పక్షాలూ సంతకం చేసిన ఒప్పందం పూర్తి నకలు మీ చేతిలో ఉండాలి. ఏజెంటు దగ్గర ఉందిలే అన్న మాట చాలదు. అది రెండు భాషల్లో ఉంటే, తేడా వచ్చినప్పుడు ఏ భాషలోని పాఠం చెల్లుతుందో రాసిన వాక్యాన్ని వెతికి చదవండి. జీతం పన్నులు పోగా చేతికొచ్చే మొత్తమా, పన్నులు కలిపిన మొత్తమా అన్నది తేల్చుకోండి. చాలా దేశాల్లో క్లబ్బే పన్ను కడతానని రాస్తుంది, కానీ కట్టినట్టు ధ్రువపత్రం సీజను చివర అడిగి తీసుకోకపోతే, కొన్నేళ్ల తర్వాత పన్ను శాఖ నోటీసు వచ్చేది మీ పేరు మీదే. చేరగానే జరిపే వైద్య పరీక్ష సంగతీ అంతే. చాలా ఒప్పందాలు ఆ పరీక్షలో నెగ్గితేనే అమల్లోకి వస్తాయి. కాబట్టి నెగ్గారన్న మాట నోటితో కాక రాతలో తీసుకోండి. పాత గాయాలుంటే దాచకుండా అప్పుడే చెప్పండి.

ఒప్పందంలో మీరు వేలు పెట్టి చదవవలసిన పేరా ఇంకొకటి ఉంది. 2007లో అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య అయిన ఫిబా ఆధ్వర్యంలో ఒక మధ్యవర్తిత్వ న్యాయస్థానం ఏర్పడింది. ఇప్పుడు దాన్ని బాస్కెట్‌బాల్ ఆర్బిట్రల్ ట్రిబ్యునల్ అంటారు, ఆటగాళ్లు పొట్టిగా బాట్ అంటారు. దాని న్యాయ పీఠం జెనీవా. ఏదో ఒక దేశపు చట్టానికి కట్టుబడకుండా, న్యాయం ఏదో ధర్మం ఏదో చూసి తీర్పు చెప్పడం దాని పద్ధతి. తీర్పును క్లబ్బు పాటించకపోతే, కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా ఫిబా ఆ క్లబ్బును నిషేధించగలదు. అంత బలమున్న ద్వారం అది, కానీ వివాదం వస్తే బాట్‌కు వెళ్తామని ఒప్పందంలో ముందే రాసుకుంటేనే మీకు తెరుచుకుంటుంది. ఆ వాక్యం లేకపోతే, తెలియని దేశంలో తెలియని కోర్టు చుట్టూ తిరగాలి. ఇంకొక మాట. అక్కడ విచారణ సాధారణంగా పత్రాల మీదే నడుస్తుంది, అదీ ఇంగ్లీషులో. ఎదురుగా నిలబడి గోడు వెళ్లబోసుకునే అవకాశం చాలా అరుదు కనుక, రాతలో లేని మీ కష్టం ఆ న్యాయమూర్తికి కనబడదు.

జీతం ఆలస్యమైతే ఏం చేయాలని ప్రతి సీజనూ ఎవరో ఒకరు నన్ను అడుగుతారు. ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ అదే తప్పు చేస్తారు, సహనం నశిస్తోంది. ఒప్పందంలో గడువు రోజుల సంఖ్య ఉంటుంది. అది దాటిన మర్నాడే మర్యాదగా, క్లుప్తంగా, ఏ నెల జీతం ఎంత బాకీ ఉందో రాసి ఈమెయిల్ పంపండి, ఏజెంటుకూ ఒక నకలు పెట్టండి. అలిగి సాధన మాత్రం మానకండి. ఒప్పందం ప్రకారం నోటీసు ఇవ్వకుండా ఒక్క పూట రాకపోయినా, ఒప్పందం తప్పింది మీరేనని చెప్పే అవకాశం వాళ్లకు మీరే చేజేతులా ఇచ్చినట్టవుతుంది. న్యాయం మీ వైపు ఉండి కూడా అలా కేసు బలహీనపరచుకున్న వాళ్లను చూశాను.

గాయమైతే ఆ రోజే ఫిజియోకు చెప్పి, రాత్రికి సందేశం రూపంలో కూడా పంపండి. ఎక్కడ, ఏ నిమిషంలో, ఎలా జరిగిందో రెండు వాక్యాలు చాలు. స్కాన్ తీస్తే ఆ చిత్రాలూ, వైద్యుడి నివేదికా మీ దగ్గర ఉంచుకోండి. నొప్పిని దాచి ఆడితే కోచ్ మెచ్చుకుంటాడని మొదటి నెలల్లో అందరూ అనుకుంటారు, నేనూ అనుకున్నాను. రాతలో లేని గాయం తర్వాత పాత గాయమని తేలిపోతుంది, వైద్యం ఖర్చు మీ మీద పడుతుంది.

బదిలీ పత్రం గురించి కొంచెం చెప్పాలి. ఒక దేశపు సమాఖ్య నుంచి మరో దేశపు సమాఖ్యకు మారే ఆటగాడికి పాత సమాఖ్య క్లియరెన్స్ లేఖ ఇవ్వాలి. వేరే క్లబ్బుతో ఒప్పందం ఇంకా అమల్లో ఉంటే ఆ లేఖ ఆగిపోతుంది, కాబట్టి పాత క్లబ్బుతో లెక్క తేలిందన్న పత్రం కూడా మీ సంచిలో ఉండాలి. పద్దెనిమిదేళ్లు నిండనివారికి నిబంధనలు ఇంకా కఠినం. ఏజెంటుకు ఫిబా లైసెన్సు ఉందో లేదో చూసుకోండి. మందుల విషయంలో, తెలియక తీసుకున్నానన్న జవాబు డోపింగ్ నియమాల్లో తప్పును తుడిచిపెట్టదు. జలుబు మందైనా, ప్రోటీన్ పొడి డబ్బా అయినా క్లబ్బు వైద్యుడికి చూపించి, ఆయన సరేనన్న మాట రాతలో తీసుకున్నాకే నోట్లో వేసుకోండి.

ఇక ఆట. ఫిబా నియమాల్లో పది నిమిషాల క్వార్టర్లు నాలుగు, ఐదో ఫౌలుతో బయటకు వెళ్లాలి, మూడు పాయింట్ల గీత 6.75 మీటర్ల దూరంలో ఉంటుంది. అమెరికా కళాశాలల నుంచి వచ్చేవారికి 30 సెకన్ల షాట్ క్లాక్, అంటే బంతి చేతికొచ్చాక బుట్టలోకి వేసే ప్రయత్నం చేయాల్సిన గడువు, అలవాటై ఉంటుంది, ఇక్కడ 24 సెకన్లే. వీటికి కొన్ని వారాల్లో శరీరమే అలవాటు పడుతుంది. బెంచి మీద కూర్చోవడానికి అలవాటు పడడమే కష్టం. జాగ్రెబ్ క్లబ్బు సిబోనా తరఫున రెండుసార్లు యూరప్ విజేతగా నిలిచిన క్రొయేషియా ఆటగాడు ద్రాజెన్ పెత్రోవిచ్ 1989లో అమెరికా లీగ్ ఎన్‌బీఏలోని పోర్ట్‌లాండ్ చేరినప్పుడు ఎక్కువ కాలం బెంచి మీదే గడిపాడు. 1991 జనవరిలో అదే లీగ్‌లోని న్యూజెర్సీకి మారాక, 1992-93 సీజనులో సగటున మ్యాచ్‌కు 22.3 పాయింట్లు చేశాడు. జర్మనీ నుంచి వచ్చిన డిర్క్ నోవిట్‌స్కీ ఎన్‌బీఏ జట్టు డాలస్‌లో తొలి సీజనులో చేసిన సగటు 8.2 మాత్రమే. ఆయన అదే జట్టులో 21 సీజన్లు ఆడి, 2011లో దానికి టైటిల్ తెచ్చాడు.

మీలో చాలామందికి నేను చెప్పిన గొడవలేవీ రావు. ఇంతసేపు హెచ్చరించి చివర ఈ మాట చెప్పడం నాకు అంతగా ఇష్టం లేదు. ఇది విని కాగితం సంగతి మరిచిపోతారేమోనని నా భయం. అయినా నిజం కనుక చెప్పక తప్పడం లేదు. నేను ఆడిన క్లబ్బుల్లో జీతం ఎగ్గొట్టింది ఒక్కటే, మిగిలినవన్నీ చెప్పిన తేదీకే ఇచ్చాయి. భాష రాని తొలి నెలల ఒంటరితనం కూడా నాలుగో నెలకు సగం తగ్గుతుంది. డ్రెస్సింగ్ రూములో మీ పేరును అందరూ సరిగ్గా పలకడం మొదలుపెట్టిన రోజు మీకే తెలుస్తుంది.

ఆ కుర్రవాడి సంగతి అడుగుతారేమో. ఆ పత్రంలో ఏముందో తెలిసిన గంటలోపే, తనకు అర్థంకాని భాషలో, సెలవు పత్రమని చెప్పి సంతకం తీసుకున్నారని ఈమెయిల్ రాయించాను. ఏజెంటూ ఒప్పందంలోని బాట్ పేరాను చూపిస్తూ మరొకటి పంపాడు. పన్నెండు రోజుల తర్వాత క్లబ్బు ఆ పత్రాన్ని వెనక్కి తీసుకుంది. నిన్న సాధనలో చీలమండకు పట్టీ చుట్టుకుని మొదటిసారి కోర్టు ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తాడు. కొత్త ఈమెయిల్ ఏదైనా వస్తే మాత్రం ఇప్పుడు ముందుగా నాకే పంపుతున్నాడు.